స్నానపు గది పూర్తి పునరుద్ధరణ: ఖర్చు ఎంత, ఎన్నాళ్లు పడుతుంది? జంషెడ్‌పూర్ ఇళ్లకు ఒక మార్గదర్శి

ఇంట్లో అతి చిన్న గది స్నానపు గదే అయినా, చదరపు అడుగుకు అత్యధిక వ్యయం అయ్యేది కూడా అదే. నీరు, విద్యుత్తు, మురుగు పారుదల మూడూ ఒకే చోట కలిసే ఆ గదిని పూర్తిగా విప్పి మళ్లీ కట్టుకోవాలంటే తాపీ మేస్త్రీ, ప్లంబరు, ఎలక్ట్రీషియన్, టైల్స్ పనివాడు ఒకరి తరువాత ఒకరు రావలసి ఉంటుంది. ఈ వరుసలో ఒక్కరు ఆలస్యం చేసినా మిగిలిన వారందరి పనీ ఆగిపోతుంది. ఇంట్లో ఉన్నది ఒకే స్నానపు గది అయితే, ఆ ఆలస్యం భారం నేరుగా కుటుంబంపైనే పడుతుంది.

జార్ఖండ్‌లోని ఉక్కు నగరం జంషెడ్‌పూర్‌లో ఈ విషయానికి ప్రత్యేక ప్రాధాన్యం ఉంది. ఉత్తరాంధ్ర నుంచి తరాల క్రితం ఉక్కు కర్మాగారంలో పని కోసం తరలివెళ్లిన తెలుగు కుటుంబాలు బిష్టుపూర్, కద్మా, సోనారీ, టెల్కో, గోల్ముడి, మాంగో తదితర ప్రాంతాలలో స్థిరపడ్డాయి. పదవీ విరమణ అనంతరం కంపెనీ క్వార్టరు ఖాళీ చేసి సొంత ఇల్లు కట్టుకున్నవారు, పాత ఇళ్లు కొనుక్కున్నవారు వీరిలో అనేకులు. ఆ ఇళ్లలోని స్నానపు గదులు ఇప్పుడు పాతబడ్డాయి. వాటిని వాడేవారి వయస్సు కూడా పెరిగింది.

ప్రణాళికతో పుట్టిన నగరం

1907లో టాటా ఐరన్ అండ్ స్టీల్ కంపెనీ ఏర్పడగా, మరుసటి ఏడాది సాక్చీ గ్రామం వద్ద కర్మాగార నిర్మాణం ఆరంభమైంది. 1919 జనవరిలో నాటి వైస్రాయ్ లార్డ్ చెమ్స్‌ఫర్డ్ ఈ పట్టణానికి జంషెడ్‌పూర్ అని పేరు పెట్టారు. పట్టణ విస్తరణకు ఆ కాలంలో ప్రణాళిక రచించిన ఎఫ్.సి. టెంపుల్ వృత్తిరీత్యా పారిశుధ్య ఇంజినీరు. 1940వ దశకంలో ఆటో కోనిగ్స్‌బర్గర్ మరో ప్రణాళికను రూపొందించారు. నీటి సరఫరా, మురుగు పారుదల మొదటి నుంచీ ఈ పట్టణ ప్రణాళికలో భాగంగా ఉన్నాయి.

అయితే నగరమంతటా ఒకే ఏర్పాటు లేదు. కంపెనీ పరిధిలోని ప్రాంతాలలో నీరు, మురుగు సేవలను టాటా స్టీల్ యుఐఎస్ఎల్ చూస్తోంది. ఈ సంస్థ పూర్వనామం జుస్కో. మాంగో, ఆదిత్యపూర్, జుగ్సలాయ్ ప్రాంతాలకు వేర్వేరు పురపాలక సంస్థలు ఉన్నాయి. అక్కడి అనేక ఇళ్లు బోరు నీటిపైనా, సెప్టిక్ ట్యాంకులపైనా ఆధారపడతాయి. పని ప్రారంభించే ముందు తమ ఇంటి మురుగు వీధి కాలువలో కలుస్తుందా, సెప్టిక్ ట్యాంకులోకి వెళుతుందా అన్నది తెలుసుకోవడం ప్రథమ కర్తవ్యం.

అనుమతి ఎవరికి అవసరం?

కంపెనీ క్వార్టరులో నివసించేవారు గోడలు, గొట్టాలు, నేల మార్చాలంటే యజమాని సంస్థ అనుమతి పొందవలసిందే. అద్దె ఇంట్లో ఉన్నవారు యజమాని నుంచి లిఖితపూర్వక అంగీకారం తీసుకోవాలి. అపార్టుమెంటులో నివసించేవారు సొసైటీకి ముందుగా తెలియజేయాలి. కింది అంతస్తు వారికి చెప్పడం మర్యాద మాత్రమే కాదు, అవసరం కూడా. పని జరిగే రోజుల్లో నీరు కారితే ముందుగా తడిసేది వారి పైకప్పే. గోడల స్థానం మార్చకుండా లోపలి పని మాత్రమే చేసుకునే స్వతంత్ర గృహ యజమానులకు సాధారణంగా భవన ప్లాను అనుమతి అవసరం రాదు. గదిని వెలుపలికి పొడిగించాలంటే మాత్రం స్థానిక సంస్థను సంప్రదించాలి. వీధిలోని ప్రధాన నీటి గొట్టం జోలికి, మీటరుకు ముందున్న భాగం జోలికి ప్రైవేటు ప్లంబరు వెళ్లరాదు.

గది కొలతలు

జాతీయ భవన నిర్మాణ నియమావళి 2016 ప్రకారం స్నానపు గది కనీస విస్తీర్ణం 1.8 చదరపు మీటర్లు. స్నానపు గది, మరుగుదొడ్డి కలిసి ఉంటే కనీసం 2.8 చదరపు మీటర్లు ఉండాలి. అది సుమారు 30 చదరపు అడుగులకు సమానం. ఈ వ్యాసంలోని లెక్కలకు 5 అడుగుల వెడల్పు, 8 అడుగుల పొడవు గల, అంటే 40 చదరపు అడుగుల గదిని నమూనాగా తీసుకోవడం జరిగింది.

ఈ గదికి టైల్స్ లెక్క ఇలా వేయాలి. నేల 40 చదరపు అడుగులు. నాలుగు గోడల చుట్టుకొలత 26 అడుగులు. 7 అడుగుల ఎత్తు వరకు టైల్స్ వేస్తే 182 చదరపు అడుగులు. అందులో తలుపు, వెంటిలేటరుకు సుమారు 21 తీసివేస్తే 161 మిగులుతుంది. నేలతో కలిపి 201 చదరపు అడుగులు. కోతలో వృథా అయ్యే భాగానికి 10 శాతం చేర్చితే సుమారు 220 చదరపు అడుగులు కొనుగోలు చేయాలి. టైల్స్ పెట్టెలన్నీ ఒకే బ్యాచ్ నంబరు కలిగి ఉండాలి. భవిష్యత్తు మరమ్మతుల కోసం ఒక పెట్టె అదనంగా దాచుకోవడం మంచిది. నాలుగేళ్ల తరువాత అదే రంగు బజారులో దొరకకపోవచ్చు.

ఖర్చు ఎంత?

కింది అంకెలు మధ్యతరగతి కుటుంబం ఎంచుకునే సామగ్రితో వేసిన నమూనా అంచనా మాత్రమే. ఇది ధరల పట్టిక కాదు. దుకాణాన్ని బట్టి, సామగ్రి నాణ్యతను బట్టి, పనివారి రేట్లను బట్టి ఇవి మారుతాయి. కనీసం ముగ్గురి నుంచి కొటేషన్లు తీసుకుని, ప్రతి పద్దుకూ ఎదురుగా తమ అంకెను రాసుకోవడానికి ఈ జాబితాను ఉపయోగించుకోవచ్చు.

• పాత టైల్స్, ప్లాస్టరు, సామాను తొలగింపు, శిథిలాల తరలింపు: 8 వేల నుంచి 15 వేల రూపాయలు
• నీటి, మురుగు గొట్టాలు, ప్లంబరు కూలి: 15 వేల నుంచి 28 వేలు
• విద్యుత్ వైరింగు, స్విచ్చులు: 5 వేల నుంచి 10 వేలు
• ఇటుక, సిమెంటు, ఇసుక, ప్లాస్టరు పని: 10 వేల నుంచి 18 వేలు
• వాటర్‌ప్రూఫింగ్: 8 వేల నుంచి 15 వేలు
• టైల్స్ కొనుగోలు: 10 వేల నుంచి 18 వేలు
• టైల్స్ అమరిక, జిగురు, గ్రౌట్: 10 వేల నుంచి 16 వేలు
• కమోడ్, ఫ్లష్ ట్యాంకు, వాష్ బేసిన్: 12 వేల నుంచి 25 వేలు
• కుళాయిలు, షవరు: 10 వేల నుంచి 22 వేలు
• గీజరు, ఎగ్జాస్ట్ ఫ్యాను: 9 వేల నుంచి 15 వేలు
• తలుపు, వెంటిలేటరు: 6 వేల నుంచి 12 వేలు
• రంగులు, అద్దం, చిల్లర సామాను: 4 వేల నుంచి 8 వేలు

మొత్తం 1 లక్షా 7 వేల నుంచి 2 లక్షలా 2 వేల రూపాయల వరకు అవుతుంది. పాత ఇళ్లలో నేల తవ్విన తరువాతే బయటపడే సమస్యలు ఉంటాయి కనుక 10 నుంచి 15 శాతం అదనంగా కేటాయించుకోవాలి. అప్పుడు ఈ మొత్తం సుమారు 1 లక్షా 18 వేల నుంచి 2 లక్షలా 32 వేల రూపాయలకు చేరుతుంది. గోడలో అమర్చే ఫ్లష్ ట్యాంకు, గాజు తెర, పెద్ద పరిమాణపు టైల్స్ వంటివి కోరుకుంటే ఖర్చు ఇంతకు మించుతుంది.

కొటేషన్‌లో జీఎస్టీ కలిపారా లేదా అన్నది అడిగి తెలుసుకోవాలి. టైల్స్, కమోడ్, కుళాయిలపై 18 శాతం పన్ను ఉంది. సిమెంటుపై 28 శాతంగా ఉన్న పన్నును 2025 సెప్టెంబరు 22 నుంచి 18 శాతానికి తగ్గించారు. పక్కా బిల్లు లేకుండా కొంటే కొంత ఆదా అయినట్లు కనిపిస్తుంది. అయితే తరువాత వారంటీ కోరడానికి ఆధారం ఉండదు.

ఎక్కడ పొదుపు చేయవచ్చు, ఎక్కడ చేయరాదు?

టైల్స్ డిజైను, కుళాయిల బ్రాండు, అద్దం, రంగులు ఇవన్నీ స్తోమతను బట్టి తగ్గించుకోదగినవి. కుళాయి నచ్చకపోతే రెండేళ్ల తరువాత ఒక గంటలో మార్చుకోవచ్చు. గోడ లోపలి గొట్టాలు, నేల కింది వాటర్‌ప్రూఫింగ్ అలాంటివి కావు. పై లెక్కలో వాటర్‌ప్రూఫింగ్‌కు అయ్యేది 8 నుంచి 15 వేలు. దానిని మానేసి తరువాత చెమ్మ దిగితే, 20 నుంచి 34 వేల రూపాయల టైల్స్ పనిని పగులగొట్టి మళ్లీ చేయించాలి. కింది ఇంటివారి పైకప్పు మరమ్మతు, వారితో తగవు అదనం.

కొనుగోలులో భారతీయ ప్రమాణాల ముద్రను గమనించాలి. టైల్స్‌కు ఐఎస్ 15622, టైల్స్ జిగురుకు ఐఎస్ 15477, వేడినీటికి పనికివచ్చే సీపీవీసీ గొట్టాలకు ఐఎస్ 15778, మురుగు గొట్టాలకు ఐఎస్ 13592 వర్తిస్తాయి. బోరు నీటిలో ఇనుము గాని, కాఠిన్యం గాని ఎక్కువగా ఉన్నచోట తెల్లని గ్రౌట్, తెల్లని నేల టైల్స్ త్వరగా మరకలు పడతాయి. షవరు రంధ్రాలు, గీజరు లోపలి భాగం కూడా దెబ్బతింటాయి. అటువంటి ఇళ్లలో ముందుగా నీటి పరీక్ష చేయించుకుని సామాను ఎంపిక చేసుకోవడం ఉత్తమం.

ఎన్ని రోజులు పడుతుంది?

పది రోజుల్లో పూర్తి చేస్తామని చెప్పే కాంట్రాక్టర్లు ఉన్నారు. మనుషులు పనిచేసే రోజులను మాత్రమే లెక్కిస్తే అది సాధ్యమే అనిపిస్తుంది. సిమెంటు, వాటర్‌ప్రూఫింగ్ పూత, జిగురు ఆరడానికి పట్టే సమయాన్ని కూడా కలిపితే మూడు వారాలు సమంజసమైన అంచనా. పని వరుస సాధారణంగా ఇలా ఉంటుంది.

1 నుంచి 2వ రోజు: నీరు, విద్యుత్తు నిలిపివేసి పాత సామాను, టైల్స్ తొలగింపు.
3 నుంచి 5వ రోజు: గోడల్లో గాడులు కొట్టి కొత్త గొట్టాలు, వైర్ల పైపులు అమర్చడం. అతుకులు ఆరిన తరువాత గొట్టాల్లో ఒత్తిడితో నీరు నింపి పరీక్షించడం.
6 నుంచి 9వ రోజు: ప్లాస్టరు, నేల చదును, నీటితో తడపడం.
10 నుంచి 11వ రోజు: వాటర్‌ప్రూఫింగ్ రెండు పూతలు.
12 నుంచి 14వ రోజు: పూత ఆరనిచ్చి, నేలపై నీరు నిలిపి 48 గంటల పరీక్ష.
15 నుంచి 18వ రోజు: వాలు సరిచేసి గోడలకు, నేలకు టైల్స్.
19వ రోజు: గ్రౌట్.
20 నుంచి 22వ రోజు: కమోడ్, బేసిన్, కుళాయిలు, గీజరు, తలుపు, చివరిగా అంచులకు సీలెంటు. అది ఆరేందుకు ఒక రోజు.

వీటిలో రెండు పరీక్షలను ఇంటివారు స్వయంగా చూడాలి. మొదటిది గొట్టాల ఒత్తిడి పరీక్ష. ఇది ప్లాస్టరు వేయకముందే జరగాలి. గోడ మూసివేసే ముందు గొట్టాలన్నిటికీ కొలబద్ద పెట్టి ఫొటోలు తీసి ఉంచుకుంటే, తరువాత మేకు కొట్టేటప్పుడు గొట్టం పగలకుండా చూసుకోవచ్చు. రెండవది నీరు నిలిపే పరీక్ష. నేల రంధ్రం మూసి, సుమారు రెండు అంగుళాల నీరు నింపి, గోడపై గీత గీసి, 48 గంటల తరువాత చూడాలి. స్వల్పంగా ఆవిరి కావడం సహజం. కింది పైకప్పుపై తడి మచ్చ కనిపిస్తే టైల్స్ పని మొదలుపెట్టరాదు.

నేల వాలు కూడా ముఖ్యమే. కనీసం 100కు 1 చొప్పున వాలు ఉండాలి. 5 అడుగుల దూరానికి అది సుమారు 15 మిల్లీమీటర్లు. టైల్స్ పూర్తయ్యాక బకెట్టు నీరు కుమ్మరించి, ఎక్కడా నిలవకుండా నహానీ ట్రాపు వైపు పోతోందో లేదో చూడాలి.

ఏ కాలంలో చేపట్టాలి?

జంషెడ్‌పూర్‌లో జూన్ మధ్య నుంచి సెప్టెంబరు వరకు నైరుతి రుతుపవనాల కాలం. తేమ వల్ల ప్లాస్టరు, పూతలు ఆలస్యంగా ఆరుతాయి. దానికి తోడు, జాతీయ హరిత న్యాయస్థానం ఆదేశాల మేరకు జార్ఖండ్‌లో జూన్ 10 నుంచి అక్టోబరు 15 వరకు నదుల నుంచి ఇసుక తవ్వకంపై నిషేధం అమలులో ఉంటుంది. సువర్ణరేఖ, ఖర్కాయి నదుల పక్కనే ఉన్న నగరంలో కూడా ఆ నెలల్లో ఇసుక దొరకడం కష్టమై ధర పెరుగుతుంది. వానాకాలంలో పని తప్పనిసరి అయితే జూన్ మొదటి వారంలోపే చిన్న గదికి సరిపడా ఇసుక తెచ్చి ఉంచుకోవాలి.

ఏప్రిల్, మే నెలల ఎండలో ప్లాస్టరు త్వరగా ఆరి పగుళ్లు ఇస్తుంది కనుక రోజుకు మూడు, నాలుగుసార్లు తడపాలి. నవంబరు నుంచి మార్చి వరకు అనుకూలమైన కాలం. అయితే నవంబరులో ఛఠ్ పండుగకు స్థానిక రాజ్‌మిస్త్రీలు, కూలీలు, రేజాలుగా పిలిచే మహిళా కూలీలు స్వగ్రామాలకు వెళతారు. జనవరి మధ్యలో మకర సంక్రాంతి, టుసు పండుగల సమయంలోనూ ఇదే పరిస్థితి. తెలుగు కుటుంబాలు సంక్రాంతికి బంధువులను ఆహ్వానించదలిస్తే, డిసెంబరు ఆరంభంలో పని మొదలుపెట్టి నెలాఖరుకు ముగించేలా చూసుకోవాలి. టైల్స్, కమోడ్, కుళాయిలు అన్నీ ఇంటికి చేరిన తరువాతే పాత గదిని కూల్చడం మొదలుపెట్టాలి.

ఒకే స్నానపు గది ఉన్న ఇల్లు

మరుగుదొడ్డి లేకుండా మూడు వారాలు గడపడం వృద్ధులకు, మహిళలకు, చిన్నపిల్లలకు దుర్భరం. ఇందుకు మూడు మార్గాలు ఉన్నాయి. మొదటిది, సమీప బంధువుల లేదా పొరుగువారి ఇంట్లో ఏర్పాటు. రెండవది, ఆ కాలానికి చిన్న గది అద్దెకు తీసుకోవడం. మూడవది, పెరడు ఉన్న ఇళ్లలో మురుగు గొట్టానికి తాత్కాలిక కమోడ్ అమర్చుకోవడం. వీటికయ్యే ఖర్చును మొదటి నుంచే అంచనాలో చేర్చాలి. ఇంట్లో మంచానపడ్డ రోగి ఉంటే పని తేదీని నిర్ణయించే ముందు ఆ ఏర్పాటు ఖాయం చేసుకోవాలి.

వృద్ధుల భద్రత

తడి నేలపై జారిపడి తుంటి ఎముక విరగడం వృద్ధుల జీవితాన్నే మార్చివేసే ప్రమాదం. పునరుద్ధరణ సమయంలో తీసుకునే జాగ్రత్తలకు అయ్యే అదనపు ఖర్చు స్వల్పం. నేలకు మెరుపు లేని, జారని టైల్స్ వేయించాలి. కమోడ్ పక్కన, షవరు వద్ద చేతిపట్టు కడ్డీలు అమర్చాలి. ప్లాస్టరు దశలోనే వాటి స్థానం నిర్ణయించి గోడను బలపరిస్తేనే అవి మనిషి బరువును ఆపగలవు. తరువాత టైల్స్‌కు రంధ్రం చేసి బిగించే కడ్డీ నమ్మదగినది కాదు.

వికలాంగులకు, వృద్ధులకు సౌకర్యంగా ఉండే కమోడ్ ఎత్తు 450 నుంచి 480 మిల్లీమీటర్లు. చక్రాల కుర్చీ లోపలికి రావాలంటే తలుపు తెరిచినప్పుడు 900 మిల్లీమీటర్ల ఖాళీ ఉండాలి. తలుపు బయటికి తెరుచుకునేలా ఉంటే లోపల ఎవరైనా పడిపోయినప్పుడు వారిని బయటికి తీయడం సులువు. నేలబారు మరుగుదొడ్డిని కమోడ్‌గా మార్చేవారు గోడ నుంచి మురుగు రంధ్రం ఎంత దూరంలో ఉందో కొలిచిన తరువాతే కమోడ్ కొనాలి. ఆ కొలత సరిపోకపోతే నేల మళ్లీ తవ్వవలసి వస్తుంది.

విద్యుత్ భద్రత విషయంలో రాజీ పనికిరాదు. 2 కిలోవాట్ల గీజరు దాదాపు 9 ఆంపియర్ల విద్యుత్తు తీసుకుంటుంది. దానికి 16 ఆంపియర్ల ప్రత్యేక సర్క్యూట్, సరైన ఎర్తింగు, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ తప్పనిసరిగా ఉండాలి. గీజరు స్విచ్చును గది వెలుపల పెట్టడం క్షేమం.

శిథిలాలు, పాత గొట్టాలు

పాత టైల్స్, ఇటుక ముక్కలను వీధి కాలువ పక్కన పోయడం వల్ల వానాకాలంలో నీరు నిలుస్తుంది. నిర్మాణ వ్యర్థాలను వేరుచేసి, స్థానిక సంస్థ సూచించిన చోటికి చేర్చవలసిన బాధ్యత ఇంటి యజమానిదే. కొటేషన్‌లో శిథిలాల తరలింపు ఉందో లేదో చూసుకోవాలి. పాత ఇళ్లలో ఆస్‌బెస్టాస్ సిమెంటు గొట్టాలు ఉంటే వాటిని పొడిగా కోయరాదు, పగులగొట్టరాదు. ఆ ధూళి ఊపిరితిత్తులకు హానికరం. తడిపి, వీలైనంతవరకు ముక్కలు చేయకుండా తొలగించాలి.

ఒప్పందం, చెల్లింపులు

పని మొత్తం ఒకే ఠేకాకు ఇచ్చినా, పనివారిని విడివిడిగా పిలిపించినా, రాతపూర్వక ఒప్పందం ఉండాలి. అందులో సామగ్రి పేరు, రకం, పరిమాణం, పని ముగించవలసిన తేదీ, నీరు కారితే ఎంతకాలం వరకు ఉచితంగా సరిచేస్తారో స్పష్టంగా రాసుకోవాలి. చెల్లింపును పని దశలతో ముడిపెట్టడం ఇరుపక్షాలకూ మేలు. ఉదాహరణకు ఆరంభంలో 20 శాతం, గొట్టాల పరీక్ష తరువాత 25, నీరు నిలిపే పరీక్ష తరువాత 20, టైల్స్ పూర్తయ్యాక 25, గదిని రెండు వారాలు వాడి చూసిన తరువాత మిగిలిన 10 శాతం ఇవ్వవచ్చు.

పని మధ్యలో కొత్త ఖర్చు వస్తే, దాని మొత్తాన్ని ఆ రోజే కాగితంపై రాసి ఇద్దరూ సంతకం చేయాలి. తగాదాలు ఎక్కువగా పుట్టేది నోటిమాటగా ఒప్పుకున్న ఇలాంటి అదనపు పనుల వద్దే.

వివాదం తలెత్తితే జాతీయ వినియోగదారుల సహాయవాణి 1915 నంబరును సంప్రదించవచ్చు. వినియోగదారుల రక్షణ చట్టం 2019 ప్రకారం జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయవచ్చు. చెల్లించిన మొత్తం 5 లక్షల రూపాయల లోపు ఉంటే ఫిర్యాదుకు రుసుము లేదు. సమస్య తలెత్తిన నాటి నుంచి రెండేళ్ల లోపు ఫిర్యాదు దాఖలు చేయాలి. బిల్లులు, ఒప్పందం, ఫొటోలు అప్పుడు సాక్ష్యంగా ఉపకరిస్తాయి.

పని మొదలుపెట్టే ముందు సరిచూసుకోవలసినవి

• అవసరమైన అనుమతి, కింది ఇంటివారికి సమాచారం
• మూడు కొటేషన్లు, జీఎస్టీ వివరం
• 10 నుంచి 15 శాతం అదనపు నిధి
• టైల్స్, కమోడ్, కుళాయిలు ఇంటికి చేరినట్లు నిర్ధారణ
• మూడు వారాలకు ప్రత్యామ్నాయ స్నాన, మరుగుదొడ్డి ఏర్పాటు
• గొట్టాల పరీక్ష, నీరు నిలిపే పరీక్ష తేదీలు
• చేతిపట్టు కడ్డీల స్థానం
• దశలవారీ చెల్లింపుతో రాతపూర్వక ఒప్పందం

ఈ ఎనిమిది అంశాలు సిద్ధమైతే గోడకు తొలి సుత్తి దెబ్బ తగలకముందే ఖర్చు, గడువు రెండూ చాలావరకు అదుపులోకి వచ్చినట్లే.